ముందు తెలుగు పోసి చూడండి: వెబ్ పేజీ లేఅవుట్ ఎంచుకోవడం గురించి ఒక సాయంత్రం

(ఇంజనీరింగ్ విద్యార్థులు, కొత్తగా ఉద్యోగాల్లో చేరినవాళ్లు కలిసిన చోట చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసింది. మాటలు ఉన్నవి ఉన్నట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనకాల వాళ్లకి వినబడుతోందా? మైకు కొంచెం గరగరమంటోంది, సర్దుకోండి.

నన్ను పిలిచినప్పుడు ఏమన్నారంటే, "అన్నా, ఫ్లెక్స్‌బాక్స్ ఎప్పుడు వాడాలి, గ్రిడ్ ఎప్పుడు వాడాలి, ఒక గంటలో చెప్పేయండి" అన్నారు. ఈ రెండూ సీఎస్ఎస్‌లో, అంటే పేజీ ఎలా కనబడాలో చెప్పే భాషలో, డబ్బాలని పేర్చే పద్ధతులు. గంట ఎందుకండీ, అర నిమిషం చాలు. వరసైతే ఫ్లెక్స్, గళ్లయితే గ్రిడ్. అయిపోయింది, టీ తాగుదాం. (నవ్వులు) కాకపోతే ఆ అర నిమిషం జవాబు పట్టుకుని పని మొదలుపెట్టినవాళ్లు మూడో రోజుకి ఎక్కడో ఇరుక్కుంటారు. నేను ఇరుక్కున్నాను కాబట్టే చెప్తున్నా.

పదేళ్లు దాటింది. ఒక చిన్న వార్తల సైట్ చేశాను, జిల్లా వార్తలు వేసేది. డిజైన్ అంతా లోరెం ఇప్సమ్‌తో వచ్చింది, అదే ఆ అర్థంపర్థం లేని లాటిన్ మేటర్. మూడు కాలమ్‌లు, ఒక్కో గడిలో ఒక ఫొటో, దాని కింద సరిగ్గా రెండు లైన్ల హెడ్డింగ్. అప్పటికి చేతిలో ఉన్నది ఫ్లోటే, అంటే డబ్బాని ఎడమకో కుడికో తోసి పక్కపక్కన పేర్చే పాత పద్ధతి, దాంతోనే కట్టాను, చూడముచ్చటగా వచ్చింది, క్లయింటు కూడా బాగుందన్నారు. ఉగాది పొద్దున లైవ్ పెట్టాం. అసలు తెలుగు హెడ్డింగులు వచ్చి పడ్డాయి. ఒకదానికి రెండు లైన్లు, పక్కదానికి నాలుగు. ఫ్లోట్ సంగతి తెలిసినవాళ్లకి ఈపాటికి అర్థమై ఉంటుంది. మొదటి కార్డు పొడుగైతే, రెండో వరసలో ఎడమ అంచుకి పోవాల్సిన నాలుగో కార్డు, ఆ పొడుగు కార్డు తోక అడ్డం తగిలి దాని పక్కనే ఆగిపోతుంది. ఎడమవైపు ఖాళీ, కుడివైపు కిక్కిరిసి. పండగ పూట పేజీ మొత్తం పళ్లూడిన నోరులా తయారైంది.

అప్పుడు నేనేం చేశానో చెప్తే సిగ్గుపోతుంది గానీ చెప్తాను. కార్డుకి ఫిక్స్‌డ్ హైట్ పెట్టి, మిగిలింది దాచెయ్ అని ఓవర్‌ఫ్లో హిడెన్ రాసేశాను. వరసలు సరిపోయాయి. కానీ అందరికీ తెలిసిందే, మన ఒత్తులు అక్షరం కింద ఉంటాయి. సరిగ్గా చివరి లైను కింద కోత పడింది. "వచ్చారు" అన్నది "వచారు" అయింది, "పట్టివేత" అన్నది "పటివేత" అయింది. సాయంత్రానికి ఎవరో పెద్దాయన సైట్ వాళ్లకి ఫోన్ చేసి, "ఏమయ్యా, ఒత్తులు రానివాళ్లని పెట్టుకున్నారా పనికి?" అని అడిగారట. (నవ్వులు)

ఆ రోజు ఫ్లోట్‌ని తిట్టుకున్నాను. తప్పు దానిది కాదని చాన్నాళ్ల తర్వాత తెలిసింది. ఆ పేజీలో సైజు ఎవరు నిర్ణయిస్తున్నారు అన్న ప్రశ్న నేను అసలు వేసుకోలేదు. సరుకు సైజుని బట్టి గది పెరగాలా, గది ఇంతే, సరుకే ఒదగాలా? మీరు ఏ పద్ధతి వాడినా ప్రతి డబ్బా దగ్గరా ఈ ప్రశ్నకి జవాబు ఉంటుంది. మీరు చెప్పకపోతే బ్రౌజరు తనకు తోచింది చెప్పేస్తుంది. ఇవాళ నేను చెప్పేదంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

కొంచెం పాత కథ చెప్పాలి, ఎందుకంటే మీలో సగం మంది ఫ్లోట్‌తో పేజీ కట్టి ఉండరు, మీ అదృష్టం. 1995లో నెట్‌స్కేప్ అనే బ్రౌజరు 1.1 వెర్షన్లో టేబుళ్లు చూపించడం మొదలుపెట్టింది. టేబుల్ దేనికి? లెక్కల పట్టికలకి. కానీ పేజీని పక్కపక్కన గదులుగా కోయడానికి అప్పట్లో ఇంకో దారి లేదు, అందుకని జనం మొత్తం పేజీనే ఒక పెద్ద టేబుల్‌గా కట్టేశారు. టేబుల్లో టేబుల్, దాంట్లో ఇంకో టేబుల్. ఖాళీ జాగా కావాలంటే ఒక పిక్సెల్ వెడల్పు, ఒక పిక్సెల్ ఎత్తు ఉండే పారదర్శకమైన గిఫ్ బొమ్మ ఒకటి పెట్టుకుని దాన్ని కావలసినంత సాగదీసేవాళ్లు. మార్జిన్ కోసం బొమ్మ! ఇప్పుడు వింటే నవ్వొస్తుంది గానీ, ఒకటి మాత్రం ఒప్పుకోవాలి, టేబుల్‌కి ఒక గొప్ప గుణం ఉంది. ఒక వరసలో ఏ గడి పెరిగినా పక్క గళ్లు దాంతోపాటే పెరుగుతాయి. నా ఉగాది పేజీ టేబుల్‌తో కట్టి ఉంటే పళ్లూడేవి కావు.

1996 డిసెంబరులో సీఎస్ఎస్ మొదటి ప్రమాణం వచ్చింది. ఫ్లోట్ అందులోనే ఉంది. అది పేజీలు కట్టడానికి పెట్టింది కాదు, వారపత్రికలో ఫొటో పక్కన మేటర్ ఒదిగి పారుతుంది చూశారా, అందుకు పెట్టింది. దాన్ని పట్టుకుని కాలమ్‌లు కట్టడం మనవాళ్ల తెలివి. రెండువేల తర్వాత దాదాపు పదేళ్లు ప్రపంచమంతా ఫ్లోట్లతోనే నడిచింది. లోపలివి ఫ్లోట్ అయితే బయటి డబ్బా కుప్పకూలిపోయేది, దానికి క్లియర్‌ఫిక్స్ అని ఒక మందు. మూడు కాలమ్‌లు సమాన ఎత్తులో రావాలంటే నెగటివ్ మార్జిన్లతో సర్కస్ చేయాలి, దానికి హోలీ గ్రెయిల్, అంటే ఎంత వెతికినా దొరకని పవిత్ర పాత్ర, అని పేరే పెట్టారు. మూడు కాలమ్‌ల పేజీ కోసం! అంత కరువులో బతికాం మేము.

ఫ్లెక్స్‌బాక్స్ మొదటి ముసాయిదా 2009లో వచ్చింది. తర్వాత దాని వ్యాకరణం రెండుసార్లు మార్చారు. ముందు డిస్‌ప్లే బాక్స్ అన్నారు, తర్వాత డిస్‌ప్లే ఫ్లెక్స్‌బాక్స్ అన్నారు, చివరికి 2012లో డిస్‌ప్లే ఫ్లెక్స్ దగ్గర కుదురుకుంది. ఏ బ్రౌజరు ఏ దశలో అందుకుందో దానికి తగ్గట్టు అదే మాట మూడు రకాలుగా రాసిన రోజులున్నాయి.

గ్రిడ్ కథ ఇంకా సరదాగా ఉంటుంది. దాన్ని మొదట బ్రౌజర్లోకి తెచ్చింది ఎవరనుకుంటున్నారు? మనం రోజూ తిట్టుకున్న ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్. పదో వెర్షన్, 2012లో, పాత రూపంలో. మిగతావాళ్లు ఐదేళ్లు ఆగారు. ఆగి, 2017 మార్చిలో ఫైర్‌ఫాక్స్ 52, క్రోమ్ 57, సఫారీ 10.1 ఒకే నెలలో ఇచ్చేశాయి. క్రోమ్, సఫారీల వైపు పని ఎక్కువగా చేసింది ఇగాలియా అని స్పెయిన్‌లో ఒక చిన్న సంస్థ, వాళ్లకి డబ్బు పెట్టింది బ్లూమ్‌బెర్గ్, అదే ఆర్థిక వార్తల వాళ్లు. వాళ్ల తెరల నిండా గళ్లే కదా మరి, అవసరం వాళ్లది.

సరే, ఇక పనిలోకి. (తెర మీద ఒక వార్తల పేజీ.) ఇదే ఆ జిల్లా వార్తల పేజీ అనుకోండి, ఇవాళ మళ్లీ కడదాం.

మొట్టమొదట నేను ఏ లేఅవుటూ పెట్టను. ఏమీ పెట్టకపోవడం కూడా ఒక పద్ధతే, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. మామూలు హెచ్‌టీఎంఎల్, అంటే పేజీలో మేటర్ రాసే భాష, రాసి పెడితే పేరా కింద పేరా పడుతుంది, ఏ ఫోనులోనైనా చదువుకోవచ్చు. వార్త లోపలి పేజీకి, అంటే హెడ్డింగ్, పేరు, తేదీ, మేటర్ ఉండే పేజీకి ఇంతకన్నా ఏం కావాలి? గరిష్ఠ వెడల్పు ఒకటి పెట్టి మధ్యలోకి తెస్తే అయిపోయింది. అలాంటి పేజీ మీద కూడా ఫ్లెక్స్ మీద ఫ్లెక్స్ చుట్టి తెచ్చేవాళ్లని చూస్తుంటాను. ఇడ్లీ తినడానికి ఫోర్కు దేనికి?

ఆ గరిష్ఠ వెడల్పు దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం, ఇక్కడ మనకో ఉచ్చు ఉంది. లైను పొడవు 65 సీహెచ్ పెట్టండి అని చాలాచోట్ల చదివే ఉంటారు. సీహెచ్ అంటే ఆ ఫాంటులో సున్నా అంకె వెడల్పు. ఇంగ్లీషు అక్షరాలకి అది ఇంచుమించుగా కొలబద్దలా పనికొస్తుంది. మన అక్షరాలకీ ఆ సున్నాకీ చుట్టరికం లేదు. "క్షే", "జ్ఞా" ఒక్కోటీ ఎంత చోటు తింటాయో చూడండి. పైగా చాలా సైట్లలో ఆ సున్నా వచ్చేది ముందున్న ఇంగ్లీషు ఫాంటులోంచి, తెలుగు వచ్చేది వేరే ఫాంటులోంచి. అందుకని నేను సీహెచ్ లెక్క వదిలేసి, అసలు వార్త ఒకటి పోసి, లైనుకి ఎనిమిది పది మాటలు కనబడేదాకా వెడల్పు అటూ ఇటూ జరిపి, అక్కడ ఎన్ని ఈఎమ్‌లు వచ్చాయో అది రాసుకుంటాను, ఈఎమ్ అంటే ఫాంటు సైజంత కొలత. లైన్ హైట్ కూడా అంతే. ఇంగ్లీషుకి ఒకటిన్నర సరిపోతుంది. మనకి పైన గుడులు, కింద ఒత్తులు, అందుకని 1.7, 1.8 దాకా పోతాను. తగ్గిస్తే పై లైను ఒత్తులు కింది లైను గుడుల మీద కూర్చుంటాయి, చదివేవాడికి తలనొప్పి.

తర్వాత పైన మెనూ. హోం, రాజకీయాలు, సినిమా, ఆటలు, వ్యవసాయం, చదువు-ఉద్యోగాలు. చూడండి, ఒక్కో మాట ఒక్కో పొడవు. వీటిని సమానమైన గళ్లలో పెడితే "హోం" గదిలో క్రికెట్ ఆడుకోవచ్చు, "చదువు-ఉద్యోగాలు" మాత్రం గోడలు పగలగొట్టుకుని బయటికొస్తుంది. ఇక్కడ ఎవరి మాట చెల్లాలి? సరుకు మాట. ఎవరికి ఎంత కావాలో అంత తీసుకోండి, మధ్యలో గ్యాప్ మాత్రం సమానంగా ఉండాలి, పట్టకపోతే రెండో లైనుకి దిగండి. అది ఫ్లెక్స్. పెళ్లిలో బంతి భోజనాలు చూస్తారుగా, చాప మీద ఎవరికి వీలైనట్టు వాళ్లు కూర్చుంటారు, ఇంకొకరు వస్తే కాస్త జరుగుతారు, మరీ నిండితే రెండో వరస వేస్తారు. ఆ జరగడం ఫ్లెక్స్-ష్రింక్, రెండో వరస ఫ్లెక్స్-ర్యాప్.

ఆ గ్యాప్ గురించి ఒక మాట. ఫ్లెక్స్‌లో గ్యాప్ సఫారీకి 2021లో గానీ రాలేదు, 14.1 వెర్షన్లో. అందుకే పాత కోడ్‌లో మార్జిన్లతో కుస్తీలు కనబడుతుంటాయి. ఇప్పుడు ఆ కుస్తీ కాపీ కొట్టకండి.

తర్వాత కింద వార్తల కార్డులు. (తెర మీద కార్డులు.) వీటికీ ఫ్లెక్స్-ర్యాప్ పెట్టేద్దామా? ఎవరైనా చెప్పండి. ... ఆ, ఆ అమ్మాయి సరిగ్గా చెప్పింది, చివరి వరస. ఫ్లెక్స్‌లో పెరగమని చెప్పి పదకొండు కార్డులు ఇచ్చారనుకోండి, వరసకి మూడు చొప్పున తొమ్మిది సర్దుకుంటాయి, మిగిలిన రెండూ కాళ్లు చాపుకుని వరసంతా ఆక్రమిస్తాయి. ఎందుకంటే ఫ్లెక్స్‌లో ఒక వరస సంగతి ఇంకో వరసకి తెలియదు. ఏ బంతి లెక్క ఆ బంతిదే. ఇక్కడ మనకి కావలసింది గది మాట. నిలువు గీతలు పైనుంచి కిందిదాకా ఒకటే ఉండాలి. చుక్కల ముగ్గు వేసేటప్పుడు అమ్మ ముందు చుక్కలన్నీ పెట్టుకుని తర్వాతే గీత మొదలుపెడుతుంది చూశారా, గ్రిడ్ అదే. ముందు చుక్కలు, తర్వాతే సరుకు.

రాయడం ఒక్క లైనే. కాలమ్‌లు రిపీట్, ఆటో-ఫిల్, మిన్‌మ్యాక్స్ 260 పిక్సెళ్ల నుంచి ఒక ఎఫ్ఆర్ దాకా, ఎఫ్ఆర్ అంటే మిగిలిన జాగాలో ఒక వాటా. అంటే ఒక్కో కార్డు 260కి తగ్గకూడదు, మిగిలిన జాగా సమానంగా పంచు, ఎన్ని పడితే అన్ని కాలమ్‌లు. ఫోనులో ఒకటి, ట్యాబ్‌లో రెండు మూడు, పెద్ద తెర మీద నాలుగైదు, ఒక్క మీడియా క్వెరీ, అంటే తెర సైజుని బట్టి మారే నియమం, లేకుండా. ఆటో-ఫిల్ బదులు ఆటో-ఫిట్ రాస్తే, కార్డులు తక్కువైనప్పుడు ఖాళీ కాలమ్‌లని మడిచేసి ఉన్నవాటిని సాగదీస్తుంది. రెండే వార్తలున్న రోజు అవి అరచేతంత ఉండాలా, తెరంత ఉండాలా అన్నది మీ ఇష్టం. వార్తల సైట్‌కి నేను ఫిల్ వాడతాను. ఆ 260 అన్నచోట, 260 లేదా నూరు శాతం, ఏది చిన్నదైతే అది అని మిన్‌తో రాసుకోండి. లేకపోతే మరీ సన్నటి చోట కార్డు పక్కకి పొంగిపోతుంది.

పొంగిపోవడం అన్నాను కాబట్టి ఇప్పుడే చెప్పేస్తాను. ఇవాళ ఇంటికెళ్లాక అన్నీ మరిచిపోయినా ఇదొక్కటి గుర్తుంటే నా పెట్రోలు ఖర్చు గిట్టుబాటైనట్టే. (నవ్వులు) తెర మీద చూడండి. ఎడమవైపు చిన్న ఫొటో, 120 పిక్సెళ్లు. కుడివైపు హెడ్డింగ్. ఫ్లెక్స్. ఇంగ్లీషు మేటర్‌తో ఫోను సైజులో కూడా బంగారంలా ఉంది. ఇప్పుడు ఇందులో తెలుగు పోస్తున్నా. "విశ్వవిద్యాలయాధికారులు నిర్వహించాల్సివస్తోందన్నారు". (తెర మీద పేజీ కుడివైపుకి జారింది.) అదిగో! పేజీకి అడ్డంగా స్క్రోల్ వచ్చేసింది. ఫొటో కూడా నలిగి సన్నబడిపోయింది, చూశారా?

ఎందుకిలా? ఫ్లెక్స్‌లో ఉన్న ప్రతి వస్తువుకీ మీరు రాయకపోయినా ఒక నియమం ఉంటుంది, మిన్-విడ్త్ ఆటో అని. దాని అర్థం, నాలోని అతి పొడవైన మాట పట్టేంత వెడల్పుకన్నా నేను తగ్గను అని మొండికేయడం. ఇంగ్లీషులో మాటలు చిన్నవి, పొడవైనది వచ్చినా పది పన్నెండు అక్షరాలు, ఎవరూ పట్టించుకోరు. తెలుగులో విభక్తి అతుక్కుంటుంది, క్రియ అతుక్కుంటుంది, "అన్నారు" కూడా అతుక్కుంటుంది, మధ్యలో ఎక్కడా స్పేస్ ఉండదు. ఇంగ్లీషువాళ్లకి ఎప్పుడో ఒకసారి వచ్చే బగ్ మనకి రోజూ పొద్దున్నే పేపరుతోపాటు వస్తుంది.

మందు మూడు ముక్కలు. ఫొటోకి ఫ్లెక్స్-ష్రింక్ సున్నా, నువ్వు నలగొద్దు అని. హెడ్డింగ్ డబ్బాకి మిన్-విడ్త్ సున్నా, నీ మొండితనం మానెయ్ అని. మాటకి ఓవర్‌ఫ్లో-ర్యాప్ బ్రేక్-వర్డ్, మరీ తప్పకపోతే మధ్యలో విరుగు అని. ఆ మూడో దాంట్లో బ్రేక్-వర్డ్ బదులు ఎనీవేర్ అని రాస్తే మిన్-విడ్త్ సున్నా పెట్టకపోయినా పని జరుగుతుంది, ఎందుకంటే ఎనీవేర్ అతి పొడవైన మాట లెక్కనే మార్చేస్తుంది, బ్రేక్-వర్డ్ మార్చదు. కానీ ఎనీవేర్‌ని కనబడ్డ ప్రతిచోటా పెట్టకండి, టేబుల్ గళ్లలో పెడితే ఒక్కోసారి మాట అక్షరం కింద అక్షరంగా నిలువునా పడుతుంది, పాత సినిమా హాలు బోర్డులా.

గ్రిడ్‌లో కూడా ఇదే దెయ్యం ఉంది, వేషం వేరు. ఒక ఎఫ్ఆర్ అని రాస్తే అది సమాన భాగం అనుకుంటాం. నిజానికి అది మిన్‌మ్యాక్స్ ఆటో నుంచి ఒక ఎఫ్ఆర్. కనిష్ఠం దగ్గర ఆటో ఉంది కాబట్టి పొడుగు మాట వస్తే ఒక కాలమ్ బలిసి పక్కవాటిని తినేస్తుంది. కచ్చితంగా సమానంగా ఉండాలంటే మిన్‌మ్యాక్స్ సున్నా నుంచి ఒక ఎఫ్ఆర్ అని రాయాలి. గది మాట చెల్లాలని గ్రిడ్ పెట్టాక కూడా లోపల సరుకు పెత్తనం చేస్తోందన్నమాట. అందుకే పద్ధతి పేరు చూసి నమ్మకండి, ఎవరి మాట చెల్లుతోందో చూడండి అంటున్నాను.

ఇక ఉగాది నాటి బాకీ. ఒక కార్డులో హెడ్డింగ్ రెండు లైన్లు, పక్కదాంట్లో నాలుగు. గ్రిడ్‌లో కార్డులు ఒకే ఎత్తుకి వస్తాయి సరే, లోపల కింద ఉన్న తేదీ, "ఇంకా చదవండి" ఒక్కో కార్డులో ఒక్కో ఎత్తులో తేలుతుంటాయి. చవక వైద్యం, కార్డు లోపల నిలువు ఫ్లెక్స్ పెట్టి తేదీకి మార్జిన్-టాప్ ఆటో ఇస్తే అడుక్కి దిగిపోతుంది. నూటికి తొంభై సార్లు ఇది చాలు. అసలు వైద్యం సబ్‌గ్రిడ్, లోపలి డబ్బా బయటి గ్రిడ్ గీతలనే వాడుకోవడం, అప్పుడు ఫొటోలు, హెడ్డింగులు, తేదీలు పక్కపక్క కార్డుల్లో ఒకే గీత మీద నిలబడతాయి. ఫైర్‌ఫాక్స్ దీన్ని 2019 డిసెంబరులోనే ఇచ్చింది, క్రోమ్ 2023 సెప్టెంబరు దాకా తాత్సారం చేసింది. ఇప్పుడు అన్నిట్లో ఉంది, వాడుకోండి. ఫిక్స్‌డ్ హైట్ మాత్రం తెలుగు మేటర్ ఉన్న డబ్బాకి పెట్టకండి. ఆ పెద్దాయన మళ్లీ ఫోన్ చేస్తారు.

పేజీ మొత్తం చట్రానికి, అంటే పైన తల, మధ్యలో వార్తలు, పక్కన సైడ్‌బార్, కింద ఫుటర్, నాకు గ్రిడ్-టెంప్లేట్-ఏరియాస్ ఇష్టం. పేజీ బొమ్మని మాటలతో గీసినట్టు ఉంటుంది. ఫోనుకి ఒక బొమ్మ, కంప్యూటర్‌కి ఒక బొమ్మ. ఇంకో సరదా సంగతి, ఆ పేర్లు తెలుగులోనే రాయొచ్చు. సీఎస్ఎస్ ఒప్పుకుంటుంది. నేను ఒకసారి "తల", "ఒళ్లు", "పక్క", "కాళ్లు" అని పెట్టాను, పనిచేసింది. టీంలో తమిళబ్బాయి ఉన్నాడు, తర్వాత మార్చాల్సి వచ్చింది. (నవ్వులు)

ఈ ఏరియాలతో ఒక జాగ్రత్త. కంటికి ఏది ఎక్కడైనా కనబడేలా మార్చేయొచ్చు, కానీ స్క్రీన్ రీడర్, కీబోర్డ్ ట్యాబ్ మాత్రం హెచ్‌టీఎంఎల్‌లో మీరు రాసిన వరసలోనే పోతాయి. చూపు లేనివాళ్లకి ముందు ఫుటర్ వినబడి తర్వాత వార్త వినబడితే ఏం బాగుంటుంది? రాత వరస ముందు సరిచేసుకుని, ఆ తర్వాతే అమరిక. ఫ్లెక్స్‌లో ఆర్డర్ అని ఒకటుంది, దానికీ ఇదే మాట.

కంటైనర్ క్వెరీల గురించి కూడా చెప్పాలి. మీడియా క్వెరీ తెర ఎంత ఉందో అడుగుతుంది. కానీ అదే వార్త కార్డు పేజీ మధ్యలో వెడల్పుగా ఉండాలి, సైడ్‌బార్‌లో సన్నగా ఉండాలి, తెర మాత్రం ఒకటే. అప్పుడు తెరని అడిగి ఏం లాభం, కార్డు ఉన్న గదిని అడగాలి. కంటైనర్ క్వెరీ చేసేది అదే. క్రోమ్, సఫారీల్లో 2022లో వచ్చింది, ఫైర్‌ఫాక్స్‌లో 2023 ఫిబ్రవరిలో. చిన్న మెలిక ఏంటంటే, కంటైనర్ అని ప్రకటించిన డబ్బా తన వెడల్పుని తన లోపలి సరుకుని చూసి నిర్ణయించుకోలేదు. ఎందుకో మీరే ఆలోచించండి. సరుకు గదిని మార్చి, గది సరుకుని మార్చి, ఇద్దరూ అలా వాదించుకుంటూ పోతే తెల్లారిపోతుంది.

మల్టీకాలమ్ ఎవరూ వాడరు పాపం. నాకు ఒకసారి గుడి పునర్నిర్మాణానికి చందాలిచ్చినవాళ్ల జాబితా వచ్చింది, కొన్ని వందల పేర్లు, ఊరు, మొత్తం. ఒకే కాలమ్‌గా వేస్తే కిందికి కిలోమీటరు. కాలమ్ వెడల్పు ఇంత అని ఒక్క మాట రాస్తే బ్రౌజరే పేపరు కాలమ్‌ల్లా విరిచి పెట్టింది. పేరు ఒక కాలమ్ అడుగున, మొత్తం ఇంకో కాలమ్ తలమీద పడకుండా బ్రేక్-ఇన్‌సైడ్ అవాయిడ్ అని ఒకటి చేర్చాలి, చందా ఇచ్చినాయన ఊరుకోడు లేకపోతే. మరి టేబుల్? పట్టికకి పట్టికే. బస్సు టైములు, మార్కుల లిస్టు, మార్కెట్ యార్డులో మిర్చి ధరలు, వీటిని డివ్‌లతో, అంటే ఉత్త డబ్బాలతో, కట్టి తెచ్చేవాళ్లకి ఒక దండం. ఫోనులో పట్టకపోతే టేబుల్ చుట్టూ ఒక డబ్బా పెట్టి దానికి మాత్రం అడ్డ స్క్రోల్ ఇవ్వండి.

ఇప్పుడు ప్రశ్నలు. ఆ తమ్ముడు ముందు చెయ్యెత్తాడు.

(ప్రశ్న: మా కంపెనీలో బూట్‌స్ట్రాప్ వాడతారు, ఇదంతా నేర్చుకోవాలా?)

బూట్‌స్ట్రాప్ అంటే ముందే రాసిపెట్టిన సీఎస్ఎస్ మూట, దాన్ని ట్విటర్లో పనిచేసిన ఇద్దరు కుర్రాళ్లు తయారుచేసి 2011లో బయటపెట్టారు. 12 కాలమ్‌ల లెక్క దాంతోనే మనందరికీ అలవాటైంది. 12 ఎందుకంటే రెండు, మూడు, నాలుగు, ఆరు, వేటితో భాగించినా తెగుతుంది. మొదట్లో అది లోపల ఫ్లోటే, 2018లో నాలుగో వెర్షన్‌తో ఫ్లెక్స్‌కి మారింది. టెయిల్‌విండ్ అని అలాంటి ఇంకో మూట ఉంది, అదైనా అంతే, కింద ఉన్నది ఈ ఫ్లెక్సూ, ఈ గ్రిడ్డే, పైన పొట్టి పేర్లు. హాయిగా వాడుకో. కానీ తెలుగు పోసినప్పుడు అడ్డ స్క్రోల్ వచ్చిందనుకో, ఆ రోజు నీకు మిన్-విడ్త్ సంగతి తెలిసుంటే అయిదు నిమిషాలు, తెలియకపోతే శనివారం గోవిందా.

(ప్రశ్న: సార్, డిజైనర్లు ఇంగ్లీషు టెక్స్టుతోనే ఫిగ్మాలో, ఆ డిజైన్లు గీసే సాఫ్ట్‌వేర్‌లో, ఇస్తారు, మనం ఏం చేయగలం?)

పోట్లాడకండి. ఆ వారం వచ్చిన హెడ్డింగుల్లో అతి పొట్టిది ఒకటి, అతి పొడుగుది ఒకటి, ఒత్తులు ఎక్కువున్నది ఒకటి, మూడూ వాట్సాప్‌లో పంపి, ఇవి పెట్టి చూపించండి ప్లీజ్ అనండి. నేను ఒక ఫైలే ఉంచుకున్నాను, దాంట్లో ఓ ముప్పై హెడ్డింగులు ఉంటాయి. కొత్త పని రాగానే ముందు అవే పోస్తాను. డిజైనర్ అమ్మాయికి మొదట్లో కోపం వచ్చింది, ఇప్పుడు ఆవిడే కొత్తవి వెతికి నాకు పంపుతోంది.

(ప్రశ్న: ఈమెయిల్‌లో పంపే న్యూస్‌లెటర్ కూడా గ్రిడ్‌తో చేయొచ్చా అండీ?)

(నవ్వు) మంచి ప్రశ్న, అసలు చివరికి ఇది ఎవరూ అడక్కపోతే బాగుండుననుకున్నాను. లేదమ్మా. విండోస్‌లో పాత ఔట్‌లుక్ ఉంది చూశారూ, అది 2007 నుంచి మెయిల్‌ని చూపించడానికి బ్రౌజర్ ఇంజన్ వాడదు, వర్డ్ ఇంజన్ వాడుతుంది. మనం లెటర్లు టైపు చేసుకునే వర్డ్. దానికి ఫ్లెక్స్ తెలియదు, గ్రిడ్ తెలియదు. కొత్త ఔట్‌లుక్‌లో ఆ గొడవ లేదు గానీ, ఆఫీసుల్లో పాతదే ఇంకా ఎంతమంది వాడుతున్నారో మీకే తెలుసు. కాబట్టి మెయిల్‌కి ఇంకా టేబులే. టేబుల్లో టేబుల్. ఇందాక నేను నవ్వుతూ చెప్పిన 1990ల కథంతా సోమవారం పొద్దున నువ్వు ఆఫీసులో కూర్చుని రాయాల్సి వస్తుంది. మీ ఆఫీసులో జుట్టు నెరిసిన వెబ్ డిజైనర్ ఎవరైనా ఉంటే, ఆయన్ని టీకి తీసుకెళ్లు, టేబుళ్లలో పాడింగ్, అంటే గడి లోపలి ఖాళీ, ఎక్కడ పెట్టాలో ఆయనకి కంఠతా వచ్చుంటుంది.